చైన్ తెగిందంటే ఏం తెగినట్టు? తుప్పు మాటలు, ఉక్కు మాటలు

ఈ ఎపిసోడ్ టాపిక్ తుప్పు. పేరు వినగానే స్క్రోల్ చేసేయకండి, మన జిల్లా నీళ్ల కథ ఇందులోనే ఉంది.

2024 ఆగస్టు 10, శనివారం రాత్రి. హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యామ్ దాదాపు నిండుగా ఉంది. మొత్తం 33 గేట్లు. అందులో 19వ నంబరు గేటు చైన్ తెగింది. 60 అడుగుల వెడల్పు, 20 అడుగుల ఎత్తున్న గేటు వరదలో కొట్టుకుపోయింది. ఆ ఒక్క ఖాళీలోంచే దాదాపు 35 వేల క్యూసెక్కులు కిందికి దూకాయి. డ్యామ్ మీద ఒత్తిడి తగ్గించడానికి మిగతా గేట్లు కూడా ఎత్తి, దాచుకున్న నీళ్లని చేతులారా నదిలోకి వదలాల్సి వచ్చింది. గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు గారి ఆధ్వర్యంలో అప్పటికప్పుడు ఉక్కు పలకలు చేయించి, పారే నీళ్లలోనే ఒకదాని మీద ఒకటి దింపి, వారం రోజుల్లో ఆ ఖాళీని మూశారు.

"అది కర్ణాటకలో కదా, మనకేంటి?" అంటారేమో. మన అనంతపురానికి పెద్ద కాలువ ఏది? హెచ్చెల్సీ. అంటే తుంగభద్ర ఎగువ కాలువ. పెన్నహోబిలం రిజర్వాయర్‌కీ, మిడ్ పెన్నార్‌కీ ఆ డ్యామ్ నీళ్లే వస్తాయి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గర వాన పడే నేల మనది. అక్కడ ఒక గేటు పోతే ఇక్కడ ఆయకట్టు రైతుకి నిద్ర పోతుంది.

ఆ వారమంతా టీవీల్లో, యూట్యూబ్‌లో ఒకటే మాట, "తుప్పు పట్టింది, తెగింది." సరే. కానీ తుప్పు అంటే ఒకటే రకమా? తెగడం, విరగడం, అరగడం, తినేయడం, వీటికి తేడా లేదా? ఇంజినీర్లు రిపోర్టులో రాసే మాటలు మనకి తెలియకపోతే వాళ్లని ఏమని ప్రశ్న అడుగుతాం? అందుకే ఈ ఎపిసోడ్‌లో మాటలు నేర్చుకుందాం. నేను బీటెక్ చేసి సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినవాణ్ణి, మెటలర్జిస్టుని కాదు. కాబట్టి సాదాగానే చెప్తాను.

ముందు ఇనుము ఎక్కడి నుంచి వచ్చింది?

రాయదుర్గం దాటి డి.హీరేహాళ్ వైపు, ఓబుళాపురం, బళ్లారి వైపు వెళ్లినవాళ్లకి తెలుసు, కొండలన్నీ ఎర్రగా ఉంటాయి. రోడ్డు ఎరుపు, లారీ ఎరుపు. ఆ ఎరుపు ఏంటి? ఇనుము, ఆక్సిజన్ కలిసిన పదార్థం. మీ పాత గేటు మీద ఉన్న తుప్పు ఏంటి? అది కూడా ఇనుము, ఆక్సిజన్ కలిసినదే, కాస్త నీళ్లు కూడా చేరి ఉంటాయి. అంటే ఆ కొండా, మీ ఇంటి తుప్పూ దగ్గరి చుట్టాలన్నమాట.

ఇప్పుడు రెండు పెద్ద మాటలు ఈజీగా అర్థమవుతాయి. లోహశాస్త్రం అంటే ఖనిజంలో ఉన్న ఆక్సిజన్‌ని విడగొట్టి లోహాన్ని బయటికి లాగడం, దాన్ని మనకి కావాల్సిన తీరుకి తేవడం. లోహక్షయం అంటే ఆ లోహం మళ్లీ ఆక్సిజన్‌తో కలిసి పాత స్థితికి వెళ్లిపోవడం. మనం బొగ్గు కాల్చి, వేడి ఖర్చుపెట్టి ఇనుమును కొండ నుంచి తెచ్చాం. అది వీలు దొరికినప్పుడల్లా కొండకే పోవాలని చూస్తుంది.

మరి బంగారం? మన రామగిరి గనుల్లో 2001 దాకా బంగారం తీశారు. ఆ బంగారం రాళ్ల మధ్య బంగారంగానే దొరుకుతుంది. ఆక్సిజన్‌తో కలవాలనే కోరిక దానికి లేదు. అందుకే అవ్వ మెడలో గొలుసు తుప్పు పట్టదు.

ఖనిజాన్ని కరిగించి లోహం తీయడాన్ని పాఠ్యపుస్తకంలో ప్రగలనం అంటారు. అందులో మిగిలే చెత్తని లోహమలం అంటారు. మన ఊళ్లలో దానికి చక్కటి మాట ముందే ఉంది, చిట్టెం. పాత కొలుముల దగ్గర నల్లటి, తేలికైన, రంధ్రాలున్న రాళ్లలాంటి ముద్దలు కనబడతాయే, అదే ఇనుప చిట్టెం.

తుప్పు, చిలుము, లోహక్షయం: మూడూ ఒకటి కాదు

తుప్పు అనే మాట ఇనుముకి, ఉక్కుకి మాత్రమే. రాగి మీద, ఇత్తడి మీద వచ్చే పచ్చది చిలుము. వెండి నల్లబడేది గాలిలోని గంధకం వాయువుల వల్ల. వీటన్నిటికీ కలిపి ఉమ్మడి పేరు లోహక్షయం, ఇంగ్లిష్ మాటలో కరోజన్.

అల్యూమినియం కూడా ఆక్సిజన్‌తో కలుస్తుంది, అది కూడా చాలా వేగంగా. కానీ అక్కడ ఏర్పడే పొర పల్చగా, గట్టిగా, లోహానికి అంటిపెట్టుకుని ఉంటుంది. లోపలికి గాలిని పోనివ్వదు. ఇలా తన పొరే తనకి కాపలా అవడాన్ని పాసివేషన్ అంటారు. ఇనుము తుప్పు అలా కాదు. ఇనుముకంటే రెండు రెట్లకు పైగా చోటు తీసుకుంటుంది, ఉబ్బుతుంది, పెచ్చులుగా ఊడుతుంది. ఊడిన చోట కొత్త ఇనుము బయటపడుతుంది. మళ్లీ మొదలు.

స్టీల్ గిన్నె ఎందుకు తుప్పు పట్టదు? అందులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది. అది అల్యూమినియంలాగే కంటికి కనబడని పొర కడుతుంది. కానీ ఆ పొరకి ఒక శత్రువు ఉంది, ఉప్పు. ఉప్పులోని క్లోరైడ్ ఆ పొరని అక్కడక్కడా గుచ్చుతుంది. మన అవ్వలు ఉప్పూ, ఊరగాయా జాడీల్లోనే ఎందుకు పెట్టారో ఇప్పుడు అర్థమైందా? పింగాణీకి ఎలక్ట్రాన్లు పోయే గొడవే లేదు.

ఒక నీటి బొట్టు ప్రయోగం

ఇది గుర్తుంటే మిగతా అంతా వచ్చేసినట్టే. శుభ్రమైన ఇనుప రేకు మీద ఒక ఉప్పునీటి బొట్టు పెట్టండి. తుప్పు ఎక్కడ మొదలవుతుంది? గాలి బాగా తగిలే అంచులో అనుకుంటాం. కానీ ఇనుము తినబడేది బొట్టు నడిమధ్యలో, ఆక్సిజన్ తక్కువ ఉన్న చోట. బ్రిటన్ శాస్త్రవేత్త యూ.ఆర్. ఎవాన్స్ పేరుతో ఈ బొట్టు ప్రయోగం ప్రసిద్ధం.

ఏం జరుగుతుందంటే, మధ్యలో ఇనుము ఎలక్ట్రాన్లు వదిలేసి నీళ్లలో కరుగుతుంది. ఆ చోటు ఆనోడ్. ఆ ఎలక్ట్రాన్లు రేకులోంచే అంచుకి వెళ్తాయి. అక్కడ ఆక్సిజన్, నీళ్లు వాటిని తీసుకుంటాయి. ఆ చోటు కాథోడ్. అంటే ఒక్క బొట్టులో చిన్న బ్యాటరీ నడుస్తోంది. ఆనోడ్, కాథోడ్, మధ్యలో లోహం, పైన నీళ్లు. ఈ నాలుగింటిలో ఒక్కటి తీసేసినా తుప్పు ఆగుతుంది. తుప్పుని ఆపే ప్రతి పద్ధతీ వీటిలో ఏదో ఒకదాన్ని తీసేయడమే.

రిపోర్టులో కనబడే ఆరు మాటలు

మొదటిది, సమంగా తినడం. లోహం అంతటా ఒకే తీరుగా పల్చబడుతుంది. ఇంజినీర్లు దీన్ని సెక్షన్ లాస్ అని రాస్తారు. చూస్తే భయంగా ఉంటుంది కానీ ఇది తక్కువ ప్రమాదం. కొలవచ్చు. 12 మిల్లీమీటర్ల పలక 9కి వచ్చిందంటే లెక్క వేసుకోవచ్చు.

రెండోది, పిట్టింగ్. గుంట తుప్పు. పైన ఆవగింజంత చుక్క, కింద లోతైన గుంత. పలక మొత్తం మందంగానే ఉంటుంది, ఒక్క చోట మాత్రం చిల్లు.

మూడోది, సందు తుప్పు, క్రెవిస్ కరోజన్. బొట్టు ప్రయోగం గుర్తు తెచ్చుకోండి, ఆక్సిజన్ తక్కువ ఉన్న చోటే తినబడుతుంది. రెండు పలకల మధ్య సందు, బోల్టు కింద, చైన్ లింకుకీ పిన్నుకీ మధ్య, ఒండ్రు పేరుకున్న మూల. పైన పెయింటు మెరుస్తుంటుంది, లోపల పని జరిగిపోతుంటుంది. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు చూడండి, అదే.

నాలుగోది, రెండు లోహాల తుప్పు, గాల్వానిక్ కరోజన్. దీని గురించి బోర్ల దగ్గర మాట్లాడుకుందాం.

ఐదోది, అలసట, ఫెటీగ్. బైండింగ్ వైరు ముక్కని చేత్తో లాగితే తెగదు. అటూ ఇటూ పదిసార్లు వంచండి, తెగుతుంది. లోడు పెద్దది కాకపోయినా పదేపదే పడితే చిన్న పగులు మొదలై పెరుగుతుంది. దీనికి తుప్పు తోడైతే ఇంకా త్వరగా పెరుగుతుంది.

ఆరోది, ఒత్తిడి తుప్పు, స్ట్రెస్ కరోజన్ క్రాకింగ్. లాగుడు బలం, తగిన తేమ వాతావరణం, ఆ వాతావరణానికి లొంగే లోహం, మూడూ కలిస్తే లోహం పల్చబడకుండానే పగులుతుంది.

ఈ ఆరోదానికి ప్రపంచంలో అందరూ చెప్పే ఉదాహరణ అమెరికాలోని సిల్వర్ బ్రిడ్జి. 1928లో ఒహాయో నది మీద కట్టారు. కేబుల్ బదులు, రెండు చివర్లా రంధ్రాలున్న ఉక్కు బద్దలని పిన్నులతో కలిపి చైన్‌లాగా వేలాడదీశారు. ఒక్కో లింకుకి రెండే బద్దలు. 1967 డిసెంబర్ 15న ఒక బద్ద విరిగింది, వంతెన మొత్తం నదిలో పడింది. 46 మంది చనిపోయారు. విచారణలో తేలిన మొదటి పగులు లోతు ఎంతో తెలుసా? పది అంగుళాలు కాదు, అంగుళంలో పదో వంతు. సుమారు రెండున్నర మిల్లీమీటర్లు. అది కూడా పిన్ను సందులో, విప్పకుండా చూడటానికి వీల్లేని చోట.

సాఫ్ట్‌వేర్‌లో మేం దీన్ని సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అంటాం. ఒక సర్వర్ పడితే యాప్ మొత్తం పడితే, తప్పు ఆ సర్వర్‌ది మాత్రమే కాదు, డిజైన్‌ది కూడా. చైన్‌కి ఈ గుణం పుట్టుకతోనే ఉంది. వంద లింకుల్లో 99 బాగున్నా లాభం లేదు. చైన్ బలం ఎప్పుడూ బలహీనమైన లింకు బలమే.

గేటు మీద పడే బరువు ఎంత?

మనమే లెక్క వేద్దాం. గేటు 60 అడుగులు అంటే 18.3 మీటర్లు, 20 అడుగులు అంటే 6.1 మీటర్లు. వైశాల్యం సుమారు 112 చదరపు మీటర్లు. నీళ్లు గేటు పైఅంచు దాకా ఉంటే సగటు లోతు 3.05 మీటర్లు. రెండూ గుణిస్తే దాదాపు 340. అంటే నీళ్లు గేటుని 340 టన్నుల బలంతో నెడుతున్నాయి. ఈ తోపుడు చైన్ మీద కాదు, పక్కన గాడి మీద పడుతుంది. కానీ గేటు ఎత్తేటప్పుడు ఆ గాడిలో పుట్టే రాపిడిని, గేటు బరువుతో పాటు లాగాల్సింది లిఫ్టింగ్ ఏర్పాటే. గాడి, రోలర్లు తుప్పు పట్టి బిగుసుకుంటే రాపిడి పెరుగుతుంది. అంటే ఒక చోట తుప్పు ఇంకో చోట లోడుగా మారుతుంది.

1953లో పూర్తయిన డ్యామ్ అది. ఏడు దశాబ్దాలు ఎండలో, వానలో, తడిసి ఆరి, ఎత్తి దించి పనిచేసిన ఇనుము. ప్రమాదం తర్వాత ఏ.కె. బజాజ్ నేతృత్వంలోని నిపుణుల కమిటీ 33 గేట్లూ మార్చాలని చెప్పింది. 2025లో పాత గేట్ల మీద భారం పడకుండా నిల్వని 80 టీఎంసీల దగ్గరే ఆపారు. పూర్తి సామర్థ్యం 105.788 టీఎంసీలు. తేడా 25 టీఎంసీల పైమాటే. ఇనుము బలం తగ్గితే ఆ లోటు కాలువలో ఇలా కనబడుతుందన్నమాట.

మన రాష్ట్రంలోనూ ఉన్నాయి. 2021 ఆగస్టు 5న పులిచింతలలో 16వ గేటు పోయింది. 2022లో ప్రకాశం జిల్లా గుండ్లకమ్మలో గేటు దెబ్బతింది. ఒక్కోదానికి ఒక్కో కారణం. కానీ ప్రతిసారీ రైతుకి తెలిసింది నీళ్లు పోయాకే.

గట్టిదనం వేరు, మొండిదనం వేరు

ఇప్పుడు ఉక్కు మాటలు. ఇనుములో కార్బన్ ఎంత ఉందనేదే అసలు తేడా. 2 శాతానికి పైన, సాధారణంగా 4 దాకా ఉంటే పోత ఇనుము. అచ్చులో పోయడానికి బాగుంటుంది, సమ్మెట దెబ్బకి పగులుతుంది. కార్బన్ దానికంటే తక్కువైతే ఉక్కు. మీరు ఇంటికి గ్రిల్స్ చేయించే మైల్డ్ స్టీల్‌లో 0.25 శాతం కంటే తక్కువే ఉంటుంది.

కమ్మరి కొలిమిలో కర్రుని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచడం చూశారా? అది క్వెంచింగ్. ఉక్కు గట్టిపడుతుంది, కానీ పెళుసవుతుంది. మళ్లీ కొంచెం వేడి చేసి ఆ పెళుసుదనం తగ్గించడం టెంపరింగ్. ఈ మొత్తానికి మన కమ్మరి మాట పదును పెట్టడం. మీరు ఇంటికి కొనే టీఎంటీ కడ్డీలో జరిగేది కూడా ఇదే, ఫ్యాక్టరీలో. పైపొర గట్టిగా, లోపల మెత్తగా.

గట్టిది అంటే గీత పడనిది. మొండిది అంటే దెబ్బకి విరగకుండా సాగి తట్టుకునేది. ఆకురాయి చాలా గట్టిది, బండ మీద పడితే ముక్కలవుతుంది. చైన్‌కి కావాల్సింది మొండిదనం. వెల్డింగ్ చేసిన చోట పక్కనున్న ఉక్కు కూడా వేడెక్కి, చల్లారి, గుణం మార్చుకుంటుంది. అందుకే అతికిన లింకుల్ని ప్రత్యేకంగా పరీక్షించాలి.

ఉక్కు అంటే మనకి కొత్త కాదు. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో మూసలో ఇనుమూ బొగ్గూ పెట్టి కరిగించి చేసిన ఉక్కు ముద్దల కోసం పర్షియా వ్యాపారులు వచ్చేవాళ్లు. ప్రపంచం వూట్జ్ అని పిలిచే ఆ పేరు మన ఉక్కు అనే మాట నుంచే వచ్చిందని చాలామంది పండితులు చెప్తారు. ఇక ఢిల్లీ ఇనుప స్తంభం 1600 ఏళ్లుగా నిలబడి ఉంది. అందులో ఫాస్ఫరస్ ఎక్కువ, అది రక్షణ పొర కట్టడానికి సాయపడిందని ఐఐటీ కాన్పూర్ ప్రొఫెసర్ ఆర్. బాలసుబ్రమణ్యం వివరించారు. మ్యాజిక్ ఏం లేదు, కెమిస్ట్రీనే.

బోరు పైపు ఎందుకు మరల దగ్గరే పోతుంది?

ఉరవకొండ దగ్గర ఒక బోరు మెకానిక్ అన్నని ఇదే అడిగాను. ఆయన పాత జీఐ పైపు చేతికిచ్చి, "చూడు అబ్బీ, నడుమ బాగుంది. మర కోసిన కాడే తినేసింది" అన్నాడు.

"ఎందుకన్నా?"

"మర కోస్తే పై పూత పోతాది కదప్పా. ఇంగ దానికి కాపలా ఎవరు?"

ఒక్క ముక్కలో చెప్పేశాడు. జీఐ అంటే ఇనుము మీద జింకు పూత. లోహాలకి ఒక వరస ఉంది. మెగ్నీషియం, అల్యూమినియం, జింకు, ఇనుము, తగరం, రాగి, వెండి, బంగారం. తడిలో రెండు లోహాలు తగిలి ఉంటే, సాధారణంగా వరసలో ముందున్నది తినబడుతుంది, వెనకున్నది బతుకుతుంది. జింకు ఇనుముకంటే ముందుంది. అందుకే పూత మీద చిన్న గీత పడినా జింకే కరిగి ఇనుముని కాపాడుతుంది. దీన్నే త్యాగ ఆనోడ్ అంటారు. ఓడల అడుగున జింకు దిమ్మలు బిగించేది ఇందుకే. కానీ మర కోసిన చోట పూత మొత్తం పోతే, పైగా మన ఉప్పు నీళ్లు, సున్నపు నీళ్లు తగిలితే, చుట్టుపక్కల జింకు ఎంతకాలం కాస్తుంది?

తగరం పూతకి రూల్ తిరగబడుతుంది. తగరం ఇనుముకంటే వెనకుంది. డబ్బా రేకు మీద గీత పడితే గీత దగ్గర ఇనుమే త్వరగా పోతుంది. అదే ఇత్తడి గిన్నెకి వేసే కళాయి? అది కూడా తగరమే. అక్కడ దాని పని చింతపండు పులుసు ఇత్తడిని తాకకుండా, రాగి కూరలోకి దిగకుండా ఆపడం.

జీఐ పైపుకి నేరుగా ఇత్తడి వాల్వ్ బిగిస్తే అదే తగాదా. ఇత్తడి బాగుంటుంది, పక్కన పైపు పోతుంది. మధ్యలో ప్లాస్టిక్ ముక్క పెడితే ఎలక్ట్రాన్లకి దారి ఉండదు. ఇప్పుడు చాలామంది మోటారు దించడానికి హెచ్‌డీపీఈ పైపు వాడేది కూడా ఈ గొడవ లేదనే.

ఇల్లు కట్టేవాళ్లకి ఒక్క మాట

కాంక్రీటు లోపల కడ్డీకి తుప్పు పట్టదు, ఎందుకంటే సిమెంటు క్షారగుణం వల్ల కడ్డీ మీద రక్షణ పొర ఏర్పడుతుంది. క్లోరైడ్ ఆ పొరని చీలుస్తుంది. తర్వాత కడ్డీ ఉబ్బుతుంది, సీలింగ్ పెచ్చులు ఊడతాయి. కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం కడ్డీలున్న కాంక్రీటు కలిపే నీళ్లలో క్లోరైడ్ లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదు. మన దగ్గర కొన్ని బోర్ల నీళ్లు నాలుక మీద పెడితేనే ఉప్పు తెలుస్తుంది. స్లాబ్ వేసే ముందు నీళ్లు టెస్ట్ చేయించండి. ఆ ఖర్చు ఒక సిమెంటు బస్తా లెక్క కూడా కాదేమో, కానీ పెచ్చులు ఊడాక అయ్యే రిపేరు మాత్రం లక్షల్లో ఉంటుంది.

మరి మనం అడగాల్సిన ప్రశ్నలు

2021 డ్యామ్ భద్రతా చట్టం ప్రకారం దాని కిందికొచ్చే పెద్ద డ్యామ్‌లకి వానాకాలం ముందు ఒకసారి, తర్వాత ఒకసారి తనిఖీ జరగాలి. సమాచార హక్కు చట్టం 2005 నుంచి మన చేతిలో ఉంది. మీ ప్రాంతంలో రిజర్వాయర్ ఉంటే, "గేట్లు బాగున్నాయా సార్?" అని అడక్కండి. "బాగున్నాయి" అనే జవాబే వస్తుంది. ఇలా అడగండి:

గేటు పలక మందం మొదట ఎంత, ఇప్పుడు ఎంత? అల్ట్రాసోనిక్ గేజ్‌తో చివరిసారి ఎప్పుడు కొలిచారు?

చైన్ లేదా రోప్ లింకుల్ని, పిన్నుల్ని విప్పి చూశారా, లేక బయటి నుంచి చూసి పెయింటు వేశారా?

వెల్డింగ్ దగ్గర పగుళ్ల పరీక్ష చేశారా? రంగు ద్రవం పూసి చూసే డై పెనెట్రెంట్ పరీక్ష చాలా చవక.

గేటు పోతే ఆ ఖాళీ మూయడానికి స్టాప్‌లాగ్ పలకలు సిద్ధంగా ఉన్నాయా?

ఈ నాలుగు ప్రశ్నలకి జవాబులు అంకెల్లో, తేదీల్లో రావాలి. 2013 లెక్కల ప్రకారం తుప్పు వల్ల ప్రపంచానికి అయ్యే నష్టం ఏడాదికి రెండున్నర లక్షల కోట్ల డాలర్లు, అంటే ప్రపంచ ఉత్పత్తిలో 3.4 శాతం. అందులో కొంత భాగం మనకి తెలిసిన పద్ధతులతోనే ఆపగలిగింది. పెయింటు, జింకు, గ్రీజు, సమయానికి తనిఖీ. కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు.

మీ ఊళ్లో కిలుము అంటారా, చిలుము అంటారా? చిట్టెం దిబ్బలు ఎక్కడైనా చూశారా? కామెంట్‌లో రాయండి, ఊరి పేరుతో సహా. కాలువ కింద భూమి ఉన్న మీ నాన్నకో, మామకో ఆ నాలుగు ప్రశ్నలు వాట్సాప్‌లో పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.